పొలాల అధ్యాయం ఉంచాలా, తియ్యాలా: ఒక చారిత్రక నవల ఎడిటింగ్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక నవల రాతప్రతిది. రచయిత్రి హైస్కూలు టీచరు, ఇది ఆమె మొదటి నవల. ప్రచురణకర్త నాకు పంపింది అచ్చుతప్పులు దిద్దడానికి కాదు, నిర్మాణం చూడమని. అంటే ఏ అధ్యాయం ఎక్కడ ఉండాలి, ఏది అక్కర్లేదు, ఏది ఇంకా రాయాలి అన్న సంగతులు.

కథ 1991లో మొదలై 2014లో ఆగుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక ఊరు. ఊరి పేరు కల్పితమే గానీ పది పేజీలు చదివేసరికి తెలుగు పాఠకుడికి విషయం అర్థమైపోతుంది, ఇది చుండూరు కథ. నాకు ఈ నవల మీద మొదటి నుంచీ రెండు అభిప్రాయాలున్నాయి. పుస్తకం అచ్చయి బయటికొచ్చాక కూడా రెండూ అలాగే ఉన్నాయి. ఎడిటర్లు సాధారణంగా గెలిచిన కేసులే రాసుకుంటారు. ఇది గెలిచిందో ఓడిందో చెప్పలేని కేసు కాబట్టే రాస్తున్నాను.

ఇప్పటి కుర్రవాళ్లలో చాలామందికి చుండూరు గురించి పెద్దగా తెలియదు, అందుకని నాలుగు ముక్కలు. తెనాలి దగ్గర ఊరు. 1991 జులైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగువు దగ్గర మొదలై ఊళ్లోని పెత్తందారీ కులాలవాళ్లు దళితుల్ని పనుల్లోకి పిలవడం మానేసేదాకా వెళ్లింది. ఆగస్టు 6న, ఊళ్లో పోలీసు పికెట్ ఉండగానే, పల్లె, అంటే దళితవాడ, వదిలి పొలాల్లోకి పరుగెత్తినవాళ్లని వెంటాడి ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. బతికి బయటపడ్డవాళ్లు తెనాలిలో శిబిరంలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్లని ఊరి మధ్యలోనే పూడ్చిపెట్టారు, ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. కానీ అసలు విచారణ మొదలవడానికే పదమూడేళ్లు పట్టింది. 2007 జులై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, మిగతా 123 మంది నిర్దోషులు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎప్పుడు చనిపోయారో, ఎక్కడ చనిపోయారో, ఎవరు కొట్టారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నది కోర్టు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఈ కారణం గుర్తుపెట్టుకోండి, ఎడిటింగ్ అంతా చివరికి దీని చుట్టూనే తిరిగింది.

రాతప్రతి చేతికొచ్చినప్పుడు

మూడు భాగాలు. మొదటిది శిబిరం, అక్కణ్ణించి కాలనీ. రెండోది వెనక్కి వెళ్లి చెప్పిన ఆగస్టు ఉదయం. మూడోది కోర్టు, ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చిన మోతుబరి మనవడు. నడిపించే పాత్రలు ఇద్దరు. కొడుకుని పోగొట్టుకున్న అమ్మమ్మ ఒకరు, శిబిరంలో పెరిగి లా చదివిన మనవరాలు ఇంకొకరు.

మొదటి భాగం చదివి నేను చాలాసేపు పెన్సిలు ముట్టుకోలేదు. ఇలాంటి నవలల్లో శిబిరం అనగానే ఏడుపులు, ఉపన్యాసాలు వస్తాయి. ఈమె రాసింది కాగితాల గురించి. రేషన్ కార్డు పాత ఊరి అడ్రసు మీద ఉంటే ఇక్కడి డీలరు బియ్యం ఇవ్వడు. పిల్లల్ని కొత్త బళ్లో వెయ్యాలంటే టీసీ కావాలి, దాని కోసం ఆ ఊరి బడికే వెళ్లాలి, ఎవరు వెళ్తారు? కూలికి వెళ్దామంటే ఇక్కడి ముఠాల్లో కొత్తవాళ్లని చేర్చుకోరు. అమ్మమ్మ వాయిదా కాగితాల్ని బైబిల్లో దాచుకుంటుంది. చదువు రాదు గానీ ఏ కాగితం ఏ పేజీల మధ్య ఉందో వేలు పెట్టి చూపిస్తుంది. మనవరాలు పెద్దదై ప్లీడరు దగ్గర జూనియర్‌గా చేరాక మొదట చేసే పని ఆ కాగితాల్ని తేదీల వారీగా ఫైల్లో పెట్టడం. అప్పుడు అమ్మమ్మకి ఒక్కటీ దొరకదు. ముసలామెకి కోపం వస్తుంది. నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన సీను ఇదే. ఒక్క అక్షరం మార్చలేదు.

ఒక ఊచకోత వారసత్వంగా ఏం మిగులుస్తుంది అన్న ప్రశ్నకి ఈ భాగం సూటిగా జవాబు చెప్పింది. పని, చదువు, అడ్రసు, సెలవు పెట్టి కోర్టుకి రావాల్సిన ఉద్యోగం. సాక్షుల్లో ఒక కుర్రాడు పదమూడేళ్ల తర్వాత రైల్వేలో గ్యాంగ్‌మన్. ప్రతి వాయిదాకీ సెలవు అడగాలి, ఎందుకో చెప్పాలి, చెప్తే డ్యూటీలో తోటివాళ్లకి అతని ఊరూ కులమూ కేసూ అన్నీ తెలిసిపోతాయి. అతను మూడో వాయిదా నుంచి కడుపునొప్పి అని రాయడం మొదలుపెడతాడు. ఇంతకంటే ఏం కావాలి?

నేను అడిగి చేర్పించింది ఒకటుంది, కారంచేడు. 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపిన ఊరు. బతికినవాళ్లు చీరాలకి వచ్చి శిబిరంలో ఉండటం, అక్కడే దళిత మహాసభ పుట్టడం ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. అది జరిగి ఆరేళ్లే అయింది. 1991లో డెల్టాలో ఏ పల్లెలోనైనా గొడవ మొదలైతే పెద్దవాళ్ల నోట కారంచేడు మాట రాకుండా ఉండదు. రాతప్రతిలో అది ఎక్కడా లేదు. పాఠకుడు రెండు సంఘటనల్నీ కలిపేసుకుంటాడని భయపడి వదిలేశానన్నారు. కలుపుకోనివ్వండి అన్నాను. ఆమె మళ్లీ రాసి పంపిన పేజీలో, పనులకి పిలవడం ఆగిపోయిన వారానికి, అమ్మమ్మ ఇంట్లో ముందుగా మూట కట్టేది బట్టలు కాదు, కొడుకు సర్టిఫికెట్లు. కారంచేడు వాళ్లు చీరాలలో వాటి కోసమే ఎక్కువ ఇబ్బంది పడ్డారని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట పేజీలో లేదు, మూట మాత్రం ఉంది. అది చాలు.

ఎనిమిది మంది

తమిళనాడు కీళ్వెణ్మణిలో 1968 డిసెంబరు 25న గుడిసెలో పెట్టి కాల్చేసినవాళ్లు 44 మంది. అంతమందిని ఒక నవల పరిచయం చెయ్యలేదు, ఎంత గొప్ప రచయిత అయినా కొందరు సంఖ్యగానే మిగిలిపోతారు. ఎనిమిది మంది విషయం వేరు. వాళ్లందరూ పాఠకుడికి తెలియాలి. రాతప్రతిలో ముగ్గురే తెలిశారు. అమ్మమ్మ కొడుకు, ఒక కొత్త పెళ్లికొడుకు, పాటలు పాడే ఒక కుర్రాడు. మిగతా ఐదుగురి పేర్లు చావు దగ్గరే మొదటిసారి వినిపించాయి.

ఆమెకి రాసిన రిపోర్టులో దీన్ని మొదటి లోపంగా పెట్టాను. పేరు చావుతో మొదలైతే ఆ మనిషి శవంగానే పుట్టినట్టు. పెళ్లికొడుకూ, పాటలు పాడేవాడూ కూడా నాకు అనుమానమే. నవలల్లో చనిపోబోయేవాళ్లకే ఎప్పుడూ పెళ్లి కుదురుతుంది, వాళ్ల గొంతే బాగుంటుంది. మంచివాళ్లు కాబట్టి చంపకూడదా? అప్పులెగ్గొట్టేవాడైతే చంపొచ్చా? అందుకని మిగతా ఐదుగురికీ మంచి గుణాలు వద్దు, పనులు ఇవ్వండి అన్నాను. ఒకడు సైకిలు బాకీ తీర్చలేక షాపు ముందు నుంచి వెళ్లడం మానేశాడు. ఒకడికి తమ్ముడితో ఇంటి గోడ దగ్గర తగాదా, ఇద్దరికీ మాటల్లేవు. ఆ తమ్ముడే తర్వాత ఇరవై మూడేళ్లూ ప్రతి వాయిదాకీ వస్తాడు. ఈ రెండూ ఆమె రాసినవే, నేను చెప్పింది దారి మాత్రమే. గోడ తగాదా ఇప్పుడు నవలకి వెన్నెముక.

ఊరి మధ్య సమాధుల విషయంలో మాత్రం కత్తెర గట్టిగానే వేశాను. ప్రతి అధ్యాయమూ సమాధుల దగ్గరే ముగిసేది. సాయంత్రం, గాలి, ఎవరో ఒకరు నిలబడి ఉండటం. నిజంగా ఊరి నడిమధ్య సమాధులుంటే జనం రోజూ వాటి పక్కనుంచే పాలకి, బస్సుకి వెళ్తారు. వాటిని చూడకుండా నడవడం నేర్చుకుంటారు. చూడక తప్పని రోజు ఏడాదికొకటి వస్తుంది, ఆగస్టు 6. ఈ లెక్కన రెండు చోట్ల ఉంచి మిగతావన్నీ తీసేశాం. ఆమె అభ్యంతరం చెప్పలేదు.

పొలాల అధ్యాయం

పేచీ అంతా ఇక్కడే. ముందు నా అభ్యంతరాలు చెప్తాను, అవి ఇప్పటికీ అభ్యంతరాలే.

ఆ అధ్యాయం సినిమాలా ఉంది. పైనుంచి చూపించిన పొలాలు, దూరంగా ట్రాక్టర్ల చప్పుడు, గొడ్డళ్లు, బరిసెలు, తర్వాత పేజీల తరబడి పరుగు. ఇలాంటి చోట నేను చేసే పని ఒకటుంది. ప్రతి వాక్యంలో కర్త ఎవరో చూసి కింద గీత గీస్తాను. ఈ అధ్యాయంలో గీతలు దాదాపు అన్నీ వెంటాడేవాళ్ల కిందే పడ్డాయి. వాళ్లు వచ్చారు, చుట్టుముట్టారు, ఎత్తారు, నరికారు. పరుగెత్తేవాళ్లకి పడ్డారు, అరిచారు అనే రెండు క్రియలే మిగిలాయి. చంపేవాళ్లకి ప్లాను ఉంటుంది, కదలిక ఉంటుంది, కాబట్టి కథనం తెలియకుండానే వాళ్ల భుజం మీద ఎక్కి కూర్చుంటుంది. రచయిత్రి గుండె పల్లె వైపే ఉంది, వాక్యాలు మాత్రం అటు వెళ్లిపోయాయి.

ఇంకొకటి పంట. కంకుల మధ్య దాక్కున్న కుర్రాణ్ని ఒక పేజీ నిండా వర్ణించారు. ఆగస్టు మొదటి వారంలో డెల్టాలో కంకులెక్కడివి? అప్పటికి నారుమళ్లు, ఊడ్పులు. కంకి కనపడాలంటే ఇంకో రెండు మూడు నెలలు కావాలి. జానెడు నారు వెనక మనిషి దాక్కోలేడు. దాక్కుంటే గట్టు వాలున పడుకోవాలి, లేదా పంటకాలవలో దిగాలి. చిన్న తప్పులా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. చేలు ఖాళీగా, నీళ్లతో ఉన్నాయంటే దూరం నుంచి చూసినవాడికి మనిషి కనపడతాడు. మూడో భాగంలో కోర్టులో సాక్షిని ‘అంత దూరం నుంచి నీకెలా కనపడింది’ అని అడుగుతారు. పంట సరిగ్గా రాస్తే ఆ ప్రశ్నకి జవాబు రెండో భాగంలోనే పాఠకుడి దగ్గర ఉంటుంది.

నా సలహా ఏమిటంటే, అధ్యాయం మొత్తం తీసెయ్యండి. ఉదయం ఇల్లు వదిలేదాకా చెప్పి, శిబిరంలో అన్నం కోసం క్యూలో ఉన్నప్పుడు మళ్లీ ఎత్తుకోండి. మధ్యలో ఏం జరిగిందో పాఠకుడికి తెలుసు. హింసని పేజీ మీద ఆడించకుండానే దాని బరువు మోయించొచ్చు. ఇది నేను చాలా రాతప్రతులకి ఇచ్చిన సలహా, చాలాచోట్ల పనిచేసిన సలహా.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. వాళ్ల పెద్దమ్మ ఆ రోజుల్లో తెనాలి పక్క పల్లెలోనే ఉండేదట. అధ్యాయాన్ని ఆమెకి చదివి వినిపించారు, తర్వాత నాకు ఫోన్ చేశారు.

“సార్, పెద్దమ్మ ఒకటే అడిగింది. ఎందుకు తీసేస్తారంట అని.”

“హింస ఎక్కువైంది టీచరుగారూ. చదివేవాడు తట్టుకోలేడు, లేదా అలవాటు పడిపోతాడు. రెండూ మనకి నష్టమే.”

“కోర్టు వాళ్లు ఎప్పుడు చంపారో, ఎక్కడ చంపారో తెలీలేదన్నారు కదా సార్. ఇప్పుడు మీరూ టైమూ చోటూ రాయొద్దంటే ఎట్లా?”

దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నేను పల్లెలో పుట్టినవాణ్ని కాదు, ఊళ్లో పుట్టినవాణ్ని. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, హింసని చూపించకపోవడమే గొప్ప శిల్పం అన్న నా రుచి ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఈ కేసులో భాగమే. జరిగిందని అందరూ ఒప్పుకున్న దాని గురించి మౌనంగా రాయొచ్చు. జరిగినట్టు రుజువు కాలేదని రికార్డుల్లో ఉన్నదాని గురించి మౌనంగా రాస్తే ఆ మౌనం ఎవరి పక్కన చేరుతుంది? కీళ్వెణ్మణి కేసులోనూ భూస్వాముల్ని హైకోర్టు వదిలేసింది. అంతంత భూములున్న పెద్దమనుషులు స్వయంగా నడిచొచ్చి గుడిసెలు తగలబెడతారంటే నమ్మడం కష్టమన్నారు. అలాంటి తీర్పుల తర్వాత వివరంగా చెప్పడానికి వేరే విలువ వస్తుంది. పెద్దమ్మ అడిగింది సాహిత్య ప్రశ్న కాదు గానీ సాహిత్యం జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

అలాగని మొదటి రూపంలో ఉంచడానికి నేను ఒప్పుకోలేదు. వాక్యాల్లో కర్త ఎవరన్న గొడవ అలాగే ఉంది. చివరికి కుదిరిన పద్ధతి ఆమె ఆలోచనే. ఆ ఉదయాన్ని రెండో భాగంలోంచి తీసి మూడో భాగంలో కోర్టులోకి తెచ్చారు, అమ్మమ్మని క్రాస్ ఎగ్జామిన్ చేస్తుంటే ముక్కలు ముక్కలుగా బయటికొచ్చేలా. ఇప్పుడు చెప్పేది చూసినామె, కర్త ఆమె. అధ్యాయం ఇలా నడుస్తుంది:

ముద్దాయిల తరఫు లాయరు, అప్పుడు టైమెంత అని అడుగుతాడు. “పనికి పిలవడం మానేశారు గదా బాబూ, టైముతో నాకేం పని?” అంటుంది అమ్మమ్మ. అడిగినదానికే జవాబు చెప్పమంటాడు లాయరు. పొద్దెక్కిందంటుంది. ఎంత ఎక్కింది? గట్టు మీద నీడ ఎక్కడిదాకా ఉందో చెయ్యి పెట్టి చూపిస్తుంది. చెయ్యి రికార్డులో ఎక్కదు. టైపిస్టు కొట్టేది ఒక్క వాక్యమే: సమయం సాక్షికి తెలియదు.

ఊళ్లోవాళ్లు పని బంద్ చేసినందుకే ఆమెకి టైము చూసుకోవాల్సిన అవసరం పోయింది, ఆ టైము చెప్పలేనందుకే ఆమె సాక్ష్యం బలహీనపడింది. ఈ రెండింటినీ కలుపుతూ రచయిత్రి ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యలేదు. మొదటి రాతప్రతిలో ఇదే ఉదయం ఎన్నో పేజీలు తిన్నది, ఇంత దెబ్బ మాత్రం కొట్టలేదు.

ఇంత మెచ్చుకున్నాక నా రెండో అభిప్రాయం కూడా చెప్పాలి. ఈ పద్ధతిలో అమ్మమ్మ జ్ఞాపకం మొత్తం ఎదుటి లాయరు ప్రశ్నల వరసలోనే బయటికొస్తుంది. అతను అడగనిది పేజీ మీద లేదు. కొడుకు ఆఖరిసారి ఏమన్నాడో లాయరుకి అక్కర్లేదు కాబట్టి అది పోయింది. రచయిత్రికీ ఇది తెలిసి, కోర్టు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మమ్మ మనవరాలికి మిగతాదంతా చెప్పే సీను కలిపారు. ఆ సీను నాకు అతుకులా కనిపిస్తుంది. కోర్టులో దక్కని న్యాయాన్ని బస్సులో ఇప్పించినట్టుంది. తీసెయ్యమన్నాను, ఆమె ఉంచారు. పాఠకుల్లో చాలామందికి ఆ బస్సు సీనే నచ్చిందని తర్వాత తెలిసింది. దానివల్ల నా అభిప్రాయం మారలేదు, కానీ తీసెయ్యమని ఇప్పుడైతే అంత గట్టిగా అనను.

చట్టం దగ్గర చూసుకున్నవి

ఇలాంటి నవల చేపట్టే ఎడిటర్లకి ఇది పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నిర్దోషులుగా విడుదలైన మనుషుల్ని పోలిన పాత్రల్ని హంతకులుగా రాస్తే పరువునష్టం కేసు పడొచ్చు. ‘పాత్రలన్నీ కల్పితం’ అని మొదటి పేజీలో వేసినంత మాత్రాన రక్షణ రాదు, చదివినవాడు ఫలానా మనిషని గుర్తుపట్టగలిగితే చాలు. చనిపోయినవాళ్ల గురించి రాసినా, వాళ్ల కుటుంబం మనసు నొచ్చుకునేలా ఉంటే పరువునష్టం కిందికి రావొచ్చని పాత శిక్షాస్మృతి 499 సెక్షన్ వివరణలోనే ఉంది. కొత్త న్యాయ సంహితలోనూ ఇదే 356 కింద వచ్చింది. అందుకని అవతలి వైపు పాత్రల్లో ఎవరికీ అసలు కేసులోని మనిషి వయసు, వృత్తి, చుట్టరికం మూడూ ఒకేలా కలవకుండా చూశాం. ఒక పాత్రని రెండుగా విడగొట్టాం. దానివల్ల కథకి నష్టమేమీ జరగలేదు. పైగా ఒకే విలన్ మీద భారమంతా వేసే అలవాటు నుంచి నవల బయటపడింది. ఊచకోత ఒక్కడి పని కాదు, నవలల్లో మాత్రం ఎందుకో ఎప్పుడూ ఒక్కడే కనిపిస్తాడు.

కాలానికి పొసగని సంగతులు కొన్ని దొరికాయి. 2005లో జరిగే ఒక సీనులో మనవరాలు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సాక్షుల హక్కుల అధ్యాయం ఉదహరిస్తుంది. ఆ అధ్యాయం చట్టంలోకి వచ్చింది 2015 సవరణతో, అమలయింది 2016 జనవరి నుంచి. కథ ముగిసేది 2014లో కాబట్టి తీసెయ్యక తప్పలేదు. అయితే తీసేసిన చోట మంచి డైలాగు పడింది. సాక్షికి బస్సు చార్జీలు ఎవరిస్తారని అమ్మమ్మ అడిగితే మనవరాలి దగ్గర జవాబు ఉండదు.

కులం పేరుతో తిట్లు రాతప్రతి నిండా ఉన్నాయి. కోర్టులో సాక్షి తనని ఏమని తిట్టారో చెప్పాల్సిన చోట మాత్రం ఉంచాం. ఆ మాట చెప్పకపోతే కులం పేరుతో తిట్టిన నేరం నిలబడటం కష్టం, నిండు కోర్టులో ఆ మాట తన నోటితో తనే అనాలి. మిగతా చోట్ల అవి రంగు కోసం వాడినట్టే ఉన్నాయి, పోయాయి.

డైరీ

మోతుబరి మనవడి గురించి చెప్పకుండా వదిలేద్దామనుకున్నాను గానీ కుదరదు. మొదటి రూపంలో అతను అమెరికా నుంచి వచ్చి, తాతగారి డైరీ చదివి, కాలనీకి వచ్చి క్షమాపణ అడిగి, రెండెకరాలు రాసిచ్చి వెళ్తాడు. ప్రచురణకర్తకి ఇది బాగా నచ్చింది. నాకు ఏమాత్రం నచ్చలేదు. ఇరవై మూడేళ్లలో రెండు కోర్టులు తేల్చని సంగతిని ఒక డైరీ ఒక రాత్రిలో తేల్చేసింది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, క్షమాపణ అడిగే సీనులో కెమెరా మళ్లీ అటే తిరుగుతుంది. బాధ అతనిది, మార్పు అతనిది, కన్నీళ్లు అతనివి. అమ్మమ్మ పని క్షమించడం ఒక్కటే.

టీచరుగారి వాదన వేరు. “అవతలి వైపు ఒక్కడైనా లేకపోతే నేను క్లాసులో ఈ పుస్తకం ఎలా చదివించను సార్? నా క్లాసులో ఇద్దరి పిల్లలూ ఉంటారు.” ఇది ఒప్పుకోదగ్గ మాటే. పక్క పక్క బెంచీల మీద కూర్చునే పిల్లల ముందు నిలబడే మనిషి అన్న మాట. ఆమె ఇబ్బంది నాకు లేదు.

డైరీ పోయింది. మనవడు ఉన్నాడు. ఇప్పుడు అతను వచ్చేది పొలం అమ్ముకోవడానికి. ఈసీ (పొలం లావాదేవీల సర్టిఫికెట్) తీయిస్తాడు, సర్వేయర్ని తీసుకెళ్లి హద్దులు చూపించుకుంటాడు. కొలతల దగ్గర పక్క చేనులో పనిచేసే మనిషిని ఈ గట్టు ఎవరిదని అడుగుతాడు. ఆ మనిషి గోడ తగాదా తమ్ముడు. అన్న పడిపోయిన గట్టు అదే. అతను ఏమీ చెప్పడు, హద్దురాయి చూపించి పనిలోకి పోతాడు. మనవడికి ఏమీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఫ్లైట్ టైము చూసుకుంటుంటాడు. వారసత్వం అంటే అవతలి వైపున ఇదే అనిపించింది నాకు. పొలం చేతికి వస్తుంది, కథ రాదు. ఇక్కడితో మనవడి కథ ఆపెయ్యమన్నాను.

ఆపలేదు. అమెరికా వెళ్లాక అతను రాసిన ఉత్తరం ఒకటి చివరి అధ్యాయంలో ఉంది. ఎవరో చెప్పగా తెలిసిందని, నిద్ర పట్టడం లేదని. పేజీన్నర. డైరీ ముందు గుమ్మంలోంచి వెళ్లి వెనక గుమ్మంలోంచి వచ్చింది.

అచ్చయ్యాక

మొదటి ముద్రణ కాపీలు అయిపోయాయి. స్పందన ఎలా ఉందంటే, నాలో ఉన్న రెండు అభిప్రాయాలూ బయట రెండు గుంపులుగా కనిపించాయి. శిబిరం భాగం నెమ్మదిగా ఉందని, రేషన్ కార్డుల గోల ఎందుకని కొందరు. కోర్టు అధ్యాయం చదివి పుస్తకం మూసేశామని, అది చదివాక మనవడి ఉత్తరం చదవబుద్ధి కాలేదని ఇంకొందరు. ఒక లాయరు మిత్రుడు ఫోన్ చేసి క్రాస్ ఎగ్జామినేషన్ చాలా సహజంగా ఉందన్నాడు. ఎదుటి లాయరు తెలివైనవాడిగా ఉండటం బాగుందన్నాడు. అది మేం కావాలనే చేసింది. ఎదుటి లాయర్ని దుర్మార్గుడిగా రాస్తే తీర్పుకి కారణం అతని దుర్మార్గం అవుతుంది. అతను తన పని తాను చేశాడు, చట్టం ప్రకారమే అడిగాడు. అలా రాస్తేనే పాఠకుడికి ఊపిరాడదు.

నా మటుకు నాకు మొదటి భాగం, కోర్టు అధ్యాయం కలిపి ఈ మధ్య తెలుగులో వచ్చిన మంచి వచనంలో చేరతాయి. చివరి ముప్పై పేజీలు ఆ స్థాయిలో లేవు. పాఠకుణ్ని ఇంటికి ప్రశాంతంగా పంపించాలన్న ఆత్రం వాటిలో కనిపిస్తుంది. ఇంత బాగా రాసిన మనిషికి అక్కడ ధైర్యం చాలలేదా, లేక ఆ క్లాసులో నిలబడాల్సింది ఆమే కాబట్టి నాకు తెలియని లెక్క ఏదైనా ఉందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పుస్తకం ఎవరికైనా ఇచ్చేటప్పుడు మాత్రం చివరి అధ్యాయం గురించి ముందే ఏమీ చెప్పను.

ఇప్పుడు రెండో ముద్రణ. పుస్తకం చివర కేసు తేదీలు, తీర్పుల వివరాలు ఒక పేజీ వెయ్యాలని టీచరుగారు అడుగుతున్నారు. నవలకి అనుబంధం పెడితే అది నవలని సాక్ష్యంగా మార్చేస్తుందని నా అనుమానం. సాక్ష్యంగానే రాశాను కదా అంటున్నారు. ఆ పేజీకి నేను ఒప్పుకుంటే మనవడి ఉత్తరం తీసేస్తారా అని అడిగాను. ఆలోచించి చెప్తానన్నారు. ఫారాలు ప్రెస్సుకి వెళ్లడానికి ఇంకా టైముంది.